తొంభై ఏడు తర్వాత

మా లెక్కల సార్ పోయారు. ఆ సంగతి నాకు తెలిసింది శ్రీ సిటీలో, నేను పనిచేసే ఫ్యాక్టరీలో, మొదటి షిఫ్టు టీ విరామంలో, లాకరు తలుపుకు ఆనుకుని నిలబడి ఉండగా. లైను మీదికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. లాకరు తెరిచి చూస్తే అమ్మ దగ్గరి నుంచి నాలుగు కాల్స్ వచ్చి ఉన్నాయి. వెంటనే చేశాను.

"పాపా, మీ లెక్కల సారు పోయినాడంటమ్మా," అంది అమ్మ. "తెల్లారి కొళాయి కాడ నీళ్ళు పడతా పడతా ఆడే కూలబడినాడంట. ఆస్పత్రికి ఎత్తకపోయేలోపలే అయిపోయిందంట. పొద్దు గూకకముందే ఎత్తేస్తారంట. వస్తావా నువ్వు?"

అమ్మ చెప్పిన ప్రతి అక్షరమూ నాకు స్పష్టంగా వినపడింది. భయం వేసింది అందుకే. నగరిలో మాది మరమగ్గాల వీధి. పగటిపూట అమ్మ ఫోన్ చేస్తే ముందు మగ్గాలు వినపడతాయి, వాటి సందుల్లో అమ్మ వినపడుతుంది. వీధిలో మనిషి పోతే మాత్రం శవం లేచేదాకా మగ్గాలన్నీ ఆపేస్తారు. ఆ రోజు అమ్మ గొంతు వెనక ఏమీ లేదు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళమంతా తలా ఒక నాలుగు మాటలు రాయాలని అనుకున్నాం. ఇది నా వంతు. నాలుగు మాటల్లో మూడు ఆయన గురించే. నాలుగోది ఆయనకు నేను చెప్పిన ఒక అబద్ధం గురించి. తొమ్మిదేళ్ళ కిందట చెప్పాను. ఆయన ఉండగా దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సార్ మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్ళది నేతపని కుటుంబం. అన్న మగ్గం మీద ఉండిపోయాడు, తమ్ముడు బోర్డు దగ్గరికి వచ్చాడు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు ఇంటి ముందుగదిలో చాప పరిచి వీధి పిల్లలకు చెప్పేవారు. చుట్టూ మగ్గాల మోత కదా, ఆయన ముప్పై ఏళ్ళుగా గొంతెత్తే మాట్లాడారు. కరెంటు పోయిందంటే వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆయన గొంతు మాత్రం ఇంకో రెండు మాటల దూరం అలాగే పెద్దగా పోయేది. అప్పుడు ఉలిక్కిపడి, నవ్వుకుని, గొంతు దించి, "ఇప్పుడు వినండి. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను," అనేవారు. మాకు అర్థం కాని లెక్కలన్నీ ఆయన కరెంటు పోయినప్పుడే చెప్పారు. ఇప్పటికీ ఎక్కడైనా చప్పుడు ఆగిపోతే నాకు ఏదో అర్థం కాబోతున్నట్టు ఉంటుంది.

ఆ ముందుగదిలో ఒక గోడ ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగుతో, కుంచెతో రాసిన ఇరవై ఐదు సంఖ్యలు. వరుసకు ఐదు, ఐదు వరుసలు. రెండుతో మొదలై తొంభై ఏడు దాకా. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోని సంఖ్యలవి. పుస్తకంలో వాటిని ప్రధాన సంఖ్యలంటారు. సార్ మాత్రం "విరగనివి" అనేవారు. ఏ సంఖ్యనైనా విరుచుకుంటూ పోతే చివరికి మిగిలేవి ఇవేనని, పడుగు విప్పుకుంటూ పోతే చివరికి పోగులు మిగిలినట్టని చెప్పేవారు. తొంభై ఏడు పక్కనే పాత చెక్క బీరువా ఉండేది. గోడ అక్కడితో సరి.

ఒకసారి మాలో ఒకడు అడిగాడు. "సార్, తొంభై ఏడుతో సంఖ్యలు అయిపోయినాయా?"

"కనపడే గోడ అయిపోయిందిరా," అన్నారు సార్.

"అయితే ఇల్లు ఇంకా పెద్దగా కట్టించండి సార్!"

అందరం పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వారు. నవ్వి, మమ్మల్ని వరసగా ఒక్కొక్కరినే చూసి, "ఇంకేమన్నా అడిగేది ఉండాదా?" అన్నారు. మేం లేదన్నాం. ఆయన ఇంకాస్సేపు చూసి లెక్కలోకి వెళ్ళిపోయారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక చీటీ ఇచ్చేవారు. మగ్గం కాడ మిగిలిన పోగుతో కట్టిన చిన్న మడత. అందులో ఒకే ఒక్క సంఖ్య. ఒకరి సంఖ్య ఇంకొకరికి ఉండదు. ఇంటికి పోయి విప్పుకోవాలి. ఫోను ముట్టకూడదు, కాలిక్యులేటరు ముట్టకూడదు. కాగితం మీద చేత్తో విరచాలి. విరిగితే వచ్చి చెప్పాలి, విరగకపోతే అదీ వచ్చి చెప్పాలి. మార్కులు లేవు, గడువు లేదు. "ఇది మీతోనే ఉంటాది. తొందరేం లేదు," అనేవారు.

నా స్నేహితురాలికి ఐదు లక్షల పదివేల ఐదు వందల పది వచ్చింది. అది నెమ్మదైన పిల్ల, నోటుబుక్కుకు అట్ట వేసుకునే రకం. అరగంటలో విరిచేసింది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. గోడ మీది మొదటి ఏడు సంఖ్యలూ వరుస తప్పకుండా, ఒక్కొక్కటి ఒక్కోసారి. "మెట్లు దిగినట్టు దిగినావు పాపా," అని సార్ మెచ్చుకున్నారు. ఇప్పుడది పుత్తూరులో పిల్లలకు లెక్కలు చెబుతోంది.

నాకు వచ్చింది 104060401. పది కోట్ల నలభై లక్షల అరవై వేల నాలుగు వందల ఒకటి. చూడగానే చీటీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. సార్ అరుగు మీద కూర్చుని కందిపప్పు ఏరుతున్నారు.

"సార్, ఇది ముందు నించి చదివినా వెనక నించి చదివినా ఒకటే!"

ఆయన చేట పక్కన పెట్టారు. "అప్పుడే చూసేసినావా!" అన్నారు. ఆ ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది. "కళ్ళు బాగుండాయి నీకు. ఇంక కాళ్ళే నిలవాల."

నా కాళ్ళు నిలవవని ఊరంతటికీ తెలుసు. చాప మీద పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఆయన వందసార్లు అని ఉంటారు, "కూర్చో పాపా, సంఖ్య యాడికీ పోదు," అని. ఆ రోజు రాత్రి రెండుతో మొదలుపెట్టాను. చివర ఒకటి ఉంది కాబట్టి రెండుతోనూ ఐదుతోనూ పోదు. అంకెలు కూడితే పదహారు, మూడుతో పోదు. ఏడుతో శేషం మిగిలింది. పదకొండు, పదమూడు, పదిహేడు. ప్రతిదానికీ శేషం. తొమ్మిది అంకెల సంఖ్య, ఒక్కో భాగహారం అరపేజీ. నలభై మూడు దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగు పుట్టింది. ఇంకా పదకొండు సంఖ్యలు మిగిలి ఉన్నాయి. పుస్తకం మూసేశాను.

మర్నాడు సార్ అడిగారు. "ఏమైంది?"

"విరగదు సార్."

"అన్నీ చూసినావా?"

"అన్నీ చూసినాను సార్. గోడ మీద ఉండేవన్నీ."

"అన్నీ?"

"అన్నీ."

మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. ఆయన కొంచెంసేపు నా ముఖం చూశారు. "సరే. నీ మాట," అన్నారు.

ఆ అబద్ధంలో ఇంకో తప్పు కూడా కలిసి ఉంది, అది ఆ గదిలో చదువుకున్నవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. మా మనసుల్లో గోడ ఎంతో సంఖ్యలూ అంతే. తొంభై ఏడు దాకా చూసి దేనితోనూ పోకపోతే ఇంక అది విరగదని మేమందరం నమ్మేవాళ్ళం. చిన్న సంఖ్యలకు అది సరిపోతుంది కూడా, పదివేల దాకా గోడ ఎప్పుడూ అబద్ధమాడదు. నాది పది కోట్లు. నేను నలభై మూడు దగ్గర ఆగిపోయానని నిజం చెప్పి ఉంటే ఆయన ముందుకు పొమ్మనేవారు, ముందుకు పోయి ఉంటే తొంభై ఏడు దగ్గర నేను నిలబడి ఆయన్ని ఏదో ఒకటి అడిగి ఉండేదాన్ని. "అన్నీ" అనే ఒక్క మాటతో ఆ దారి మూసేశాను.

ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "శేషం మిగిలితే సిగ్గు లేదు. శేషం దాచిపెడితేనే సిగ్గు." ఇంకోటి వాళ్ళ నాయన మగ్గం మీద నుంచి తెచ్చుకున్నది. నేసేటప్పుడు పోగు తెగితే ఆపి ముడి వేసుకోవాలి, చూడనట్టు నేసుకుంటూ పోతే గుడ్డంతా ఆ గీత కనపడుతుంది. "తెగింది తెగినట్టు చెప్పండిరా. అతికేది మనం తర్వాత చూద్దాం," అనేవారు. ఈ రెండు మాటలూ నేను నోట్సులో రాసుకున్నాను. అదే నోట్సులో, రెండు పేజీల తర్వాత, నలభై మూడు దగ్గర ఆగిపోయిన భాగహారం ఉంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన నన్ను ఎక్కడ చూసినా ఒకే ప్రశ్న అడిగారు. పెండ్లిలో, రేషన్ షాపు దగ్గర, ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు. "ఏం పాపా, నీ సంఖ్య ఎట్లుండాది?" ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం అడిగినట్టు.

"అట్లే ఉంది సార్. విరగదని చెప్పినా కదా."

"ఊఁ. ఇంకోసారి చూడు, తీరికైనప్పుడు."

మా నాయన వింటే నవ్వేవాడు. "పిలకాయల బాగోగులు అడిగేవాళ్ళను చూసినా, గొడ్డుగోదా బాగోగులు అడిగేవాళ్ళను చూసినా. అంకెల బాగోగులు అడిగేది మీ సారు ఒక్కడే మే!"

నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. ఆయన మర్చిపోయి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారేమో, వయసు కదా అని నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. ఆయనకు మతిమరుపు అంటగట్టి నా తప్పును కాపాడుకున్నాను. ఈ వాక్యం రాయడం నాకు చాలా కష్టంగా ఉంది.

ఇంటర్లో ద్విపద సిద్ధాంతం వచ్చింది. నాలుగో ఘాతానికి గుణకాలు ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి. వాటిని పాటలా పాడుకుని బట్టీ పట్టాను. పూర్తి మార్కులు వచ్చాయి. మా ఇంట్లో నా బీరువా తలుపు లోపల అంటించుకున్న చీటీలో అవే అంకెలు, మధ్య మధ్య సున్నాలతో, అదే వరుసలో ఉన్నాయి. రోజూ పొద్దున బట్టల కోసం ఆ తలుపు తెరిచేదాన్ని.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి ఆయన కంటి ఆస్పత్రికి వచ్చారు. బస్టాండు ఎదురుగా టీ తాగాం. భుజం మీద తెల్లటి తుండు. దాని అంచున ఎర్రగీతలు ఉన్నాయి. నాకు ఏదైనా లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచి జబ్బు. ఒక గీత, ఖాళీ. నాలుగు గీతలు, ఖాళీ. ఆరు, ఖాళీ. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒకటి.

"ఎవరు నేసినారు సార్ ఇది?"

"మా అన్న. లెక్క నేను చెప్పినా, ఆయన నేసినాడు. 'ఇదేం అంచురా, ఏ సేటూ కొనడు దీన్ని' అని తిట్టినాడు." తుండు తీసి బల్ల మీద పరిచారు. "నీకు ఎట్లుండాది?"

"బాగుంది సార్. ఎటు నించి చూసినా ఒకటే ఉంది."

ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఎదురుచూశారు. ఆయన దేనికోసమో ఎదురుచూస్తున్నారని నాకు తెలిసింది కూడా. అంతలో నా బస్సు కదిలింది. "వస్తాను సార్," అని పరిగెత్తాను. వెనక్కి చూస్తే ఆయన తుండు మడిచి భుజాన వేసుకుంటున్నారు, నెమ్మదిగా, గీతలన్నీ పైకి కనపడేట్టు.

సార్ పోయిన రోజు అమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక సూపర్‌వైజరును బతిమాలి బయటపడ్డాను. సత్యవేడులో పుత్తూరు బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. చేతిలో ఏమీ లేకుండా అంత దూరం కూర్చోవడం నా వల్ల కాదు. సంచిలో లైను మీద మేం నింపే తనిఖీ కాగితాలు కొన్ని పాతవి ఉన్నాయి. వెనక వైపు తెల్లగా ఉంది. పెన్ను తీసి సంఖ్య రాశాను. చీటీ చూడాల్సిన పనిలేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నలభై ఏడుతో మొదలుపెట్టాను. ఆయనకు అన్నీ చూశానని చెప్పాను కదా. ఆ పదకొండూ అయినా ఇప్పుడు చూద్దామని. అది తప్ప ఇంకేమీ అనుకోలేదు. నలభై ఏడు, శేషం. యాభై మూడు, శేషం. నాగలాపురం దాటేసరికి అరవై ఏడు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా అంకెలు గీత దాటిపోతున్నాయి. పక్కసీటులో పూలగంపతో కూర్చున్న ఆమె కొంతసేపు చూసి అడిగింది.

"పరీక్షా పాపా?"

"అవునక్కా."

"పాసవుతావులే. అంత రాస్తా ఉండావు."

పిచ్చాటూరు దాటాక తొంభై ఏడు కూడా అయిపోయింది. దానికీ శేషమే. పెన్ను పక్కన పెట్టాను. గోడ అయిపోయింది. విరగదనే మాట నిజమే అయింది, అబద్ధం చెప్పినా నిజమే చెప్పాను అని ఒక్క క్షణం ఊరట కలిగింది. మరుక్షణం ఆ నవ్వులు వినపడ్డాయి. కనపడే గోడ అయిపోయిందిరా. ఇంకేమన్నా అడిగేది ఉండాదా?

తొంభై ఏడు తర్వాత ఏముంది? తొంభై ఎనిమిది సరిసంఖ్య. తొంభై తొమ్మిది మూడుతో విరుగుతుంది. వంద సరే సరి. నూటొకటి విరగదు.

నూటొకటితో భాగించాను. నూట నాలుగులో ఒకసారి, మూడు మిగిలింది. ముప్పైలో పోదు, సున్నా. మూడు వందల ఆరులో మూడుసార్లు, మూడు మిగిలింది. మళ్ళీ సున్నా. మూడు వందల నాలుగులో మూడుసార్లు, ఒకటి మిగిలింది. మళ్ళీ సున్నా. చివరికి నూటొకటి. నూటొకటిలో నూటొకటి ఒకసారి. శేషం సున్నా.

ఆ సున్నా వైపు ఎంతసేపు చూశానో తెలియదు. భాగఫలం 1030301. అదీ ఎటు చదివినా ఒకటే. చెయ్యి దానంతట అదే మళ్ళీ నూటొకటితో భాగించింది. 10201. శేషం లేదు. మళ్ళీ. 101.

నూటొకటిని నూటొకటితో, మళ్ళీ నూటొకటితో, మళ్ళీ నూటొకటితో హెచ్చిస్తే నా సంఖ్య. అందులో ఇంకేమీ లేదు. తొమ్మిది అంకెలతో అంత పెద్దగా, అంత భయపెట్టే సంఖ్యను ఒకటీ తనూ కాక భాగించేవి మూడే మూడు. నూటొకటి, దాని వర్గం, దాని ఘనం. అంకెలు కూడి చూశాను. నూటొకటికి రెండు. తర్వాతిదానికి నాలుగు. ఆ తర్వాతిదానికి ఎనిమిది. నాదానికి పదహారు. ఒక్కో మెట్టుకూ రెట్టింపు. తుండు అంచు గుర్తొచ్చింది. ఇంటర్లో పాడుకున్న పాట గుర్తొచ్చింది. వందా ఒకటీ కలిపి నాలుగో ఘాతం. ఒకటి, నాలుగు, ఆరు, నాలుగు, ఒకటి.

ఊరుకోలేక ఐదోసారి కూడా హెచ్చించి చూశాను. 10510100501. అంకెల అద్దం పగిలిపోయింది. మధ్యలో పది పడిన చోట ఒకటి పక్కింటికి వెళ్ళి కూర్చుంటుంది, రెండు వైపులూ ఇక కలవవు. ఎంతవరకు హెచ్చిస్తే ఆ అందం నిలుస్తుందో అక్కడే ఆయన ఆగారు.

ఈ సంఖ్య ఆయనకు ఎక్కడో దొరికింది కాదు, కూర్చుని నా కోసం చేసింది. గోడ మీద ఉన్న ఏ సంఖ్యకూ లొంగకుండా, గోడ దాటి ఒకే ఒక్క అడుగు వేస్తే మొత్తం చేతుల్లో రాలిపోయేట్టు చేశారు. అంటే, "విరగదు సార్" అని నేను చెప్పిన రోజే ఆయనకు తెలుసు. తొమ్మిదేళ్ళూ తెలుసు. అబద్ధమని ఒక్కసారి అనలేదు. జవాబు చెప్పి నా నోరు మూయించలేదు. ఎట్లుండాది అని అడిగారు, అంతే.

పుత్తూరులో బస్సు మారేటప్పుడు చెయ్యి ఫోను మీదికి పోయింది. ఆయన నంబరు నొక్కబోయి ఆగాను. సార్, విరిగింది అని చెప్పాల్సిన మనిషి ఎవరో, నేను ఎక్కడికి పోతున్నానో ఒక్క క్షణం వేరు వేరు సంగతులైపోయాయి.

మా వీధి మలుపు తిరిగేసరికి మూడు దాటింది. ఒక్క మగ్గం మోగడం లేదు. నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా వినపడింది. సార్ ఇంటి ముందు జనం. గుమ్మం పక్కన వాకిట్లో ఆ పాత చెక్క బీరువా ఉంది. ముందుగదిలో ఆయన్ని పడుకోబెట్టడానికి చోటు చాలక నలుగురు పట్టి బయటికి తెచ్చారట. ఎండలో అది ఇంకా చిన్నగా కనపడింది.

లోపలికి వెళ్ళాను. ఆయన తల గోడ వైపు ఉంది. ఛాతీ మీద ఎర్రగీతల తుండు. ముందు పాదాలు చూశాను, తర్వాత ముఖం, తర్వాత తలెత్తాను.

బీరువా ఉండే చోట గోడ నలుచదరంగా కొత్తగా ఉంది. మిగతా గోడంతా వెలిసిపోయింది, ఆ ముక్క మాత్రం వెలుతురు తగలక నిన్న సున్నం వేసినట్టుంది. దాని నిండా ఆకుపచ్చ రంగులో సంఖ్యలు. ఆయన కుంచె, ఆయన చేతిరాత. మొదటి వరుస, మొదటి సంఖ్య, తొంభై ఏడుకు మూరెడు దూరంలో, నూటొకటి.

నూటొకటి, నూట మూడు, నూట ఏడు, నూట తొమ్మిది, నూట పదమూడు. వరుసకు ఐదు. కిందికి దిగుతూ పోయాయి.

ఏడుపులు ఒక దఫా అయి అందరూ ఊరుకున్నారు. వీధిలో మగ్గాలు లేవు. కరెంటు పోయినప్పుడు ఆ గది ఎలా ఉండేదో అలా ఉంది. నేను పాదాల దగ్గర వంగి, "విరిగింది సార్," అన్నాను. ఆయన అన్న నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తలెత్తి నా వైపు చూసి, ఏం విరిగిందని అడగకుండానే తల ఊపాడు.

పెద్దకర్మ నాడు మళ్ళీ వెళ్ళాను. సార్ భార్యను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. బీరువా ఇంకా వాకిట్లోనే ఉంది. నేను గోడ వైపు చూడటం ఆమె చూసింది.

"ఆ బీరువా ఎదురుగోడకు బాగా ఉండింది మే," అంది. "ఈయన రిటైరైనాక ఒకరోజు కూసోని ఇదంతా రాసి, నన్ను తోడు పిల్సి దాన్ని ఈడికి నెట్టించినాడు. యాలయ్యా ఈ పని, రాసేదెందుకు, మూసేదెందుకు అంటి. 'గోడ అవతల ఏముందని అడిగినోళ్ళకు జరిపి సూపిస్తా' అనె. ఇన్నేండ్లకు ఇద్దరే అడిగినారు. ఇద్దరికీ జరిపినాడు, నడుము పట్టుకునింటే కూడా."

విస్తరి వేస్తూ మళ్ళీ అంది. "మూడోది ఆ కాలు నిలవని పిల్ల అడగతాదిలే అంటా ఉండె."

నేను ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, ఇంక తినమని విస్తరి ముందు కూర్చోబెట్టింది.

మీలో ఎవరి దగ్గరైనా ఆయన ఇచ్చిన చీటీ ఉంటే, విరగదని చెప్పి వచ్చిన సంఖ్య ఉంటే, ఒకసారి తీసి చూడండి. ఆయనకు చెప్పాల్సిన పనిలేదు, ఆయనకు ముందే తెలుసు.

కర్మ అయ్యాక ఇంటికి సున్నం వేయించారు. పెద్దమ్మ పక్కనే నిలబడి, "ఆడ వద్దప్పా, ఆ ముక్క మొత్తం వదిలెయ్," అని ఆ నలుచదరాన్ని వదిలించింది. బీరువాను మళ్ళీ ఎదురుగోడకు పెట్టారు. పోయిన ఆదివారం వెళ్ళినప్పుడు ఆ సంఖ్యలన్నీ మొదటిసారి పూర్తిగా చదివాను. పై వరుసలు ఆయన నిలబడి రాసినవి, అంకె నిటారుగా ఉంది. నడుము ఎత్తుకు వచ్చేసరికి కొంచెం ఒరిగింది. అడుగు వరుస నేలకు జానెడు ఎత్తులో ఉంది. నాలుగు వందల అరవై ఏడు, డెబ్భై తొమ్మిది, ఎనభై ఏడు, తొంభై ఒకటి, తొంభై తొమ్మిది. అక్కడ రాయాలంటే ఆయన చాప మీద కూర్చుని ఉండాలి.

నిలబడి చదవబోయాను. కనపడలేదు. ఆ వరుస చదవాలంటే ఎవరైనా సరే కూర్చోవాలి.

కూర్చున్నాను.